మూడు రూపాయల వడ్డీ మనిషి

పోయిన వారం మనం క్లెమెంట్, సెలీనా దంపతులను బ్యాంకు మెట్ల మీద వదిలిపెట్టి వచ్చాం. లోపల లోను ఆఫీసరు శ్రీరామప్ప వాళ్ల అప్పులన్నీ నోటితో చెప్పించుకుని, వాటన్నిటినీ తీర్చేసి ఒకే లోనుగా మారుస్తానని, ఇక నెలకు ఒక్క కంతు కట్టుకుంటే చాలని అన్నాడు. బండి కంతు, ఫ్రిజ్జు కంతు, ఫోనులో వేలితో నొక్కి తెచ్చుకున్న అప్పు, ఇంటికి కప్పు వేసిన మేస్త్రీ బాకీ, రాబర్ట్‌సన్‌పేటలో సేటు దగ్గర కుదువపెట్టిన గొలుసు, అంతా కూడితే మూడున్నర లక్షలు తేలింది. క్లెమెంట్ జీతం మీద నాలుగు లక్షల దాకా ఇవ్వవచ్చు. దానిపైన ఒక్క రూపాయి పుట్టదు. హద్దు దాటితే అన్నిటికన్నా ముందు పక్కకు పెట్టేది గొలుసునే, ఎందుకంటే అది వస్తువు మీద తెచ్చిన అప్పు.

శ్రీరామప్పది శ్రీనివాసపురం దగ్గర మామిడితోటలున్న ఇల్లు. ఏ మాట మొదలుపెట్టినా మామిడికాయ దగ్గరే తేలుతాడు.

"చూడప్పా క్లెమెంటూ, బుట్ట అడుగున మెత్తబడిన కాయ ఒకటి దాచినామంటే, మండీకి పోయేలోపల బుట్టంతా పోతాది. అప్పు కూడా అంతే. అన్నీ చెప్తేనే మీకు ఒక్క అప్పు. ఒకటి దాచినారో, అది ఒక్క అప్పు కాదు, ఇంకొక అప్పు. రేపు పొద్దున ఇల్లు చూసేదానికి నేనే వస్తాను. గొలుసు రసీదు తీసిపెట్టండి. సేటుకు దుడ్డు నేనే కట్టి, తూకం వేయించి మీ చేతికిస్తాను. అంతలోపల ఏమైనా గుర్తుకొస్తే చెప్పండి. సంతకం అయినాక చెప్తే నా చెవులు వినవు."

"ఏమీ లేదు సార్," అన్నారు ఇద్దరూ ఒకేసారి. పెళ్లినాడు పాస్టరుగారు అడిగినప్పుడు కూడా వాళ్లు అంత ఒక్క గొంతుతో జవాబు చెప్పలేదు.

సెలీనా చెప్పింది అబద్ధం. క్లెమెంట్ సంగతి అప్పటికి ఆమెకూ తెలీదు, మనకూ తెలీదు.

ఆమె దాచిన అప్పు కథ ఇది. ఈస్టరు నాడు భార్యాభర్తలిద్దరూ క్లెమెంట్ తండ్రి, ఇంటి పెద్దాయన అమృతరాజు ముందర మాట ఇచ్చుకున్నారు, ఇకమీద ఒకరికి తెలీకుండా ఒకరు అప్పు చేయకూడదని. ఆ మాట తడి ఆరకముందే, జూన్ నెలలో సెలీనా చర్చి స్త్రీల సమాజంలో యాభై వేలు తీసుకుంది. నూటికి నెలకు రూపాయి వడ్డీ, క్రిస్మస్‌కు ముందు అసలు తిరిగి కట్టెయ్యాలి. ఆ డబ్బు ఇంటి అవసరాలకే వాడాలని, బయట వడ్డీకి తిప్పడం పాపమని సమాజం అధ్యక్షురాలు ప్రతి మీటింగులోనూ చెబుతుంది. సెలీనా ప్రతి మీటింగులోనూ తల ఊపుతుంది. తల ఊపి వచ్చి ఆ యాభై వేలూ పాలు పోసే గురువమ్మ చేతిలో పెట్టింది, రెండు రూపాయల వడ్డీకి.

గురువమ్మ పక్క పల్లె నుంచి మోపెడ్ మీద పాలక్యాన్లు వేసుకుని వస్తుంది. కోరమండల్‌లో గనివాళ్ల లైను ఇళ్లలో ఆమె పాలు తాగని ఇల్లు లేదు, ఆమెకు వడ్డీ కట్టని ఇల్లు తక్కువ. సెలీనా ఇచ్చిన డబ్బును ఆమె ఇంకెవరికో మూడు రూపాయలకిచ్చింది. ఎవరికని అడిగితే మాత్రం చెప్పదు.

"పాలల్లో నీళ్లెంతో, వడ్డీలో పేరేందో అడగరాదు తల్లీ," అంటుంది. మీదికి మిగిలే ఆ రూపాయి తన కాళ్లనొప్పులకని చెబుతుంది. పోయిన ఏడాది వానలు పడినప్పటి నుంచి ఆమెకు మెడనొప్పి కూడా పట్టుకుంది. ఎంత ఉక్కపోస్తున్నా పైట మెడ చుట్టూ చుట్టుకునే తిరుగుతోంది.

సమాజానికి కట్టగా సెలీనాకు నెలకు అయిదు వందలు మిగిలేవి. ఆ అయిదు వందలూ కూడబెట్టి గొలుసు విడిపించాలని ఆమె ఎత్తు. కూడబెట్టడం చేతనైతే అప్పులెందుకు చేస్తాం. ఆ అయిదు వందలూ నెలనెలా గుడ్లయి పెనం మీద పడేవి. ఆదివారం పళ్లెంలో రెండేసి గుడ్లు చూసి క్లెమెంట్, "యాడిది దుడ్డు?" అని అడిగితే, "జాకెట్లు కుట్టినాను," అని చెప్పేది.

ఇంతటితో ఊరుకున్నా బాగుండేది. గురువమ్మకు ఆ మూడు రూపాయల మనిషిని పొగడడం అలవాటు. "మనిషంటే ఆ మనిషి సెలీనమ్మా. తేదీ తప్పడు. తలొంచుకుని వస్తాడు, లెక్కపెట్టి ఇస్తాడు, తలొంచుకుని పోతాడు. ఆయన పెండ్లాము ఏ నోము నోచిందో." సెలీనా మనసులో ఆ మనిషికి ఒక రూపం కూడా వచ్చేసింది. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నెమ్మదైన నడక. క్లెమెంట్ కరెంటు బిల్లు కట్టడం మరిచిపోయిన ప్రతిసారీ ఆ రూపాన్ని తెచ్చి అతని ముందు నిలబెట్టేది.

"లోకంలో ఎట్లాంటి మొగోళ్లుండారో చూడు. ఒకాయన మూడు రూపాయల వడ్డీ కడతాడంట, ఒక్క దినం తప్పడంట. నీకు కరెంటు బిల్లు కూడా గ్యాపకముండదు. ఆయన కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోపో."

క్లెమెంట్ తల వంచుకునేవాడు. మొగుడికి కుళ్లు పుట్టిందని సెలీనా లోలోపల సంతోషపడేది.

ఇక గొలుసు సంగతి. అమృతరాజు ముప్పై ఏళ్లు గనిలోకి దిగి బంగారం తవ్వాడు. ఆయన ఇంటికి చేరిన బంగారం మొత్తం ఆ ఒక్క గొలుసే. దాన్ని ఆయన భార్య రోజమ్మ బతికుండగానే తన మెడలోంచి తీసి కోడలి మెడలో వేసింది. పోయిన ఏడాది వానలకు కప్పు కారి, మంచం మీద మంచం ఎక్కించి పడుకోవలసి వచ్చినప్పుడు, సెలీనాయే తీసి ఇచ్చింది. సేటు తనకు తెలిసినవాడని అమృతరాజే తీసుకుపోయి పెట్టి వచ్చాడు. నెలనెలా వడ్డీ కూడా ఆయనే తీసుకెళ్లి కడుతున్నాడు. ఈ శనివారంలోగా విడిపించకపోతే వేలం వేస్తారని మొన్న ఆయనే చెప్పాడు. అప్పటి నుంచి సెలీనా చెయ్యి ఉత్త మెడ మీదికి పోయి పోయి వస్తోంది. అత్త వేసిన గొలుసును తన చేతులతో పోగొట్టుకున్న కోడలినవుతానేమోనని ఆమెకు ఏడుపొస్తోంది.

అందుకే బ్యాంకు నుంచి రాగానే మామకు కాఫీ ఇచ్చి, శ్రీరామప్ప చెప్పిందంతా ఒక్క ఊపులో చెప్పింది.

"రసీదు తీసిపెట్టు మామా. గొలుసు తూకం వేయించి మన చేతికిస్తాడంట."

"తూకం వేస్తారా?" అన్నాడు అమృతరాజు. తర్వాత కాఫీ తాగడం మరిచిపోయి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ముసలాయనకు రోజమ్మ గుర్తొచ్చిందనుకుని సెలీనా కాఫీ వేడిచేసి మళ్లీ ఇచ్చింది.

దీపాల వేళకు ముగ్గురూ చాప మీద మోకాళ్లూనారు.

ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థనకు అమృతరాజు పెట్టిన చట్టాలున్నాయి. మొదలుపెట్టేది ఆయన, తర్వాత కొడుకు, తర్వాత కోడలు, ముగించేది మళ్లీ ఆయన. ఒకరు ప్రార్థిస్తుంటే ఇంకొకరు మాట్లాడకూడదు. ఆయన ఆమెన్ చెప్పేదాకా కళ్లు తెరవకూడదు. "గనిలో బెల్లు కొట్టందే మనుషుల్ని దించే కేజీ బోను కదలదు. ఇంట్లో ఆమెన్ చెప్పందే మనిషి కదలగూడదు," అంటాడు. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగి వంటిల్లంతా పారినా ముగ్గురిలో ఒకరు కూడా లేవలేదు. గురువమ్మకు కూడా ఈ సంగతి తెలుసు. ఆ వేళకు వస్తే వాకిట్లో చెప్పులు విడిచి, కర్టెను అవతల మెట్టు మీద క్యాను పెట్టుకుని, ఆమెన్ వినబడేదాకా కూర్చుంటుంది. ఆరోజు కూడా మోపెడ్ ఆగిన చప్పుడు, క్యాను దించిన చప్పుడు వినబడ్డాయి.

పాట పాడారు. ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పారు. అందులో మా ఋణములు క్షమించుము అనే మాట దగ్గరికి రాగానే ముగ్గురి గొంతులూ మామూలు కంటే గట్టిగా లేచాయి.

అమృతరాజు మొదలుపెట్టాడు. "ప్రేమగల తండ్రీ, ఈ సాయంకాలమున నీ సన్నిధికి వచ్చియున్నాము. రేపు బ్యాంకు దొర ఈ ఇంటికి రాబోవుచున్నాడు. ఈ ఇంట్లో ఎవరి కడుపులో ఏమి దాగియున్నదో నీకు తెలుసు. దానిని ఈ సాయంకాలమే బయటికి తీయుము." అంత పెద్ద మాట అన్న తర్వాత ఆయన గొంతు ఎందుకో సన్నబడింది. ఇంకేమీ అనకుండా కొడుకు వైపు దగ్గాడు.

క్లెమెంట్ గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు మామూలు రోజుల కంటే చాలాసేపు పట్టింది.

"కృపగల దేవా, నీ దాసుడు ఒక తప్పిదము చేసియున్నాడు. జూన్ మాసమున, ట్రైను చీటీ విషయమై..."

సెలీనా రెప్పలు అదిరాయి. చీటీల జోలికి పోనని కూడా ఈ మనిషి మాట ఇచ్చాడు.

మారికుప్పం నుంచి తెల్లవారే బెంగళూరుకు పోయే ట్రైనులో, రోజూ పనికి పోయేవాళ్లకు పెట్టె పెట్టెకూ ఒక చీటీ ఉంది. నెలకొకసారి బంగారుపేట దాటగానే పాట మొదలవుతుంది, మాలూరు వచ్చేలోగా ఒకరు పాడుకుంటారు. కాగితం లేదు, సంతకం లేదు. పెట్టెకు ఒక్కటే చట్టం, ఎవరు ఎవరిని చీటీలోకి తెచ్చారో, వాడు ఎగ్గొడితే వీడు కట్టాలి. క్లెమెంట్ తన పక్క సీటు నాగేశ్‌ను తెచ్చాడు. నాగేశ్ చీటీ పాడుకుని దుడ్డు జేబులో వేసుకున్న నెలలోనే ముళబాగిలులో లారీ ఆఫీసులో పని చూసుకుని, ట్రైను మానేసి బస్సెక్కాడు.

"వాడు బస్సెక్కినాడు ప్రభువా, నేను ఇరుక్కున్నాను," అన్నాడు క్లెమెంట్. బైబిలు భాష అక్కడికే అయిపోయింది. "పెట్టెలో అందరూ నా మొహమే చూస్తా ఉంటే ఏమి చేసేది? యాభై వేలు అప్పు తెచ్చి కట్టేసినాను. ఇంట్లో చెప్పేదానికి నోరు రాలేదు. ఈ పొద్దు సారు అడిగితే కూడా లేదన్నాను."

సెలీనా కళ్లు మూసుకునే లెక్క వేసింది. మూడున్నరకు అర కలిపితే నాలుగు. హద్దులోనే ఉంది. గొలుసుకు ప్రమాదం లేదు. స్తోత్రం చెప్పబోయి ఆగిపోయింది. తన యాభై కూడా బయటపెడితే నాలుగున్నర అవుతుంది. అంటే గొలుసు పోతుంది. తను నోరు మూసుకుంటే చాలు. ఆమె మనసు అంత నీచానికి దిగినందుకు ఆమెకే సిగ్గేసింది, అయినా నోరు మూసుకోవాలనే అనిపించింది.

"మూడు రూపాయల వడ్డీ తండ్రీ," అంటున్నాడు క్లెమెంట్. "మధ్యాన్నం క్యాంటీనులో అన్నం మానేసి, టీతో సరిపెట్టుకుని, ఒక్క తేదీ తప్పకుండా కట్టినాను. పాలు పోసే గురువమ్మక్క దగ్గర..."

కర్టెను అవతల క్యాను మూత జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

సెలీనా మూసిన కళ్ల ముందర ఆ మూడు రూపాయల మనిషి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నెమ్మదైన నడక అన్నీ ఒక్కొక్కటిగా రాలిపోయి, వాటి కింద నుంచి మోకాలి దగ్గర చిరిగిన లుంగీతో క్లెమెంట్ లేచి వచ్చాడు.

అతను ఇంకా ఆగలేదు. "ఒక నెల గడువు అడిగితే గురువమ్మక్క, నా దుడ్డు అయితే ఒదిలేస్తును నాయనా, వెనకాల దుడ్డు పెట్టిన మహాతల్లి ఒకామె ఉండాది, నా గొంతు మీద కూర్చుంటాది అనింది. ఆ మహాతల్లి ఎవరో నాకు తెలీదు. ఆమె రాతిగుండెను కరిగించు తండ్రీ. ఆమెను క్షమించు. క్షమించే ముందర కొంచెం శిక్షించు."

"స్తోత్రం," అన్నాడు అమృతరాజు.

"స్తోత్రం," అంది సెలీనా అలవాటు కొద్దీ.

అని, ఏం అన్నదో తెలిసి పైట కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో ఆమెకే అర్థం కాలేదు. నెలనెలా ఈ మనిషి అన్నం మానేసి పదిహేను వందలు గురువమ్మకిచ్చాడు. అందులో అయిదు వందలు గురువమ్మ కాళ్లనొప్పులకు పోయాయి, అయిదు వందలు దేవుడి సమాజానికి పోయాయి, మిగిలిన అయిదు వందలు గుడ్లయి మళ్లీ ఈ మనిషి పళ్లేనికే వచ్చాయి. ఆ గుడ్లు తింటూ ఉండగా తనేమో పక్కన కూర్చుని, పరాయి మొగవాణ్ణి చూసి బుద్ధి తెచ్చుకోమని సాధించింది. అతను తల వంచుకున్నది కుళ్లుతో కాదు. అది గుర్తొచ్చేసరికి ఆమెకు క్లెమెంట్ మీద జాలి, ప్రేమ రెండూ కలిసి పొర్లుకొచ్చాయి.

ఆమె వంతు వచ్చింది.

"పరిశుద్ధుడవైన దేవా," అని మొదలుపెట్టింది. "నా భర్త ప్రార్థన నువ్వు విన్నావు. ఆ రాతిగుండె మహాతల్లి యాడో లేదు ప్రభువా. ఈ చాప మీదనే మోకాళ్లూని ఉండాది."

"ఆఁ?" అన్నాడు క్లెమెంట్.

"ప్రభువా, నా కొడుకు నోరు మూయుము," అన్నాడు అమృతరాజు.

సెలీనా దాచకుండా అంతా చెప్పేసింది. సమాజం దుడ్డు, రెండు రూపాయలు, గురువమ్మ, గుడ్లు, అన్నీ. "నేను చేసింది తప్పే. కానీ గొలుసు కోసరమే చేసినాను. ఆయన కడుపు కాల్చుకుని కట్టే వడ్డీ అని నాకు తెలిసుంటే ముట్టుకుందునా?"

ఇప్పుడు క్లెమెంట్ వంతు కాదు. అయినా ఆగలేకపోయాడు. దేవుడితో మాట్లాడితే మాట్లాడినట్టు కాదని తీర్మానించుకున్నాడు.

"ప్రభువా, నీ దాసురాలిని ఒక మాట అడుగు. ఆ మూడు రూపాయల మనిషి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోమని నాకు చెప్పింది గదా. ఇప్పుడు ఆ కాళ్లు ఎవరు కడగల్ల?"

"తండ్రీ, కాళ్లు నేనే కడుగుతాను," అంది సెలీనా. "అయితే ఆయనను కూడా ఒకటి అడుగు. చీటీ జోలికి పోనని మాట ఇచ్చి, ఆ నాగేశుని ఏమిటికి తెచ్చినాడో అడుగు."

"వాడు ట్రైనులో నాకు సీటు పట్టి పెట్టేవాడు ప్రభువా."

"సీటు కోసరం యాభై వేలా ప్రభువా?"

అమృతరాజు ఈసారి ఎవరి నోరూ మూయించలేదు. మామూలుగా అయితే ఇంతలో నాలుగుసార్లు దగ్గేవాడు. సెలీనాకు అది కొంచెం వింతగా తోచింది కానీ, ఆ లోపలే కర్టెను అవతల నుంచి ఇంకొక గొంతు లేచింది.

"మీ దేవుడి పేరు నాకు సరిగ్గా తెలీదు స్వామీ, నేను ముళబాగిలు ఆంజనేయుడికి మొక్కేదాన్ని," అంది గురువమ్మ. "కానీ నా పేరు నీ ముందరకు వచ్చింది కాబట్టి నేనూ చెప్పుకోవల్ల. వీళ్లిద్దరూ నా దగ్గరికి వేరువేరుగా వచ్చి, నా మొగుడికి చెప్పొద్దని ఈమె, నా పెండ్లానికి చెప్పొద్దని ఆయన, ఇద్దరూ చెయ్యి పట్టుకుని అడిగిరి. మాట ఇచ్చినాను, మాట నిలబెట్టుకుంటిని. అది పాపమా? ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చేదానికి రూపాయి తీసుకుంటిని. తిరిగేది నేను, కాళ్లు నొచ్చేది నాకు."

"ప్రభువా, ఒకే ఇంట్లో ఒక చాప నుంచి ఇంకో చాపకు మార్చేదానికి అంత తిరగాల్నా?" అన్నాడు క్లెమెంట్.

"నీకు తెలుసు స్వామీ, ఒకే ఇంట్లోనే మాట చేరేది కష్టం," అంది గురువమ్మ.

  ఆ లైను ఇళ్లకు గోడలు ఉమ్మడి, కాబట్టి పక్కింటివాళ్లు టీవీ చప్పుడు తగ్గించడం వినబడింది.

అప్పుడు సెలీనాకు తట్టింది. తట్టగానే మోకాళ్ల మీదే నిటారుగా లేచింది.

"ప్రభువా, ఒక్క నిమిషం. ఆయన గురువమ్మక్కకు యాభై ఇయ్యల్ల. గురువమ్మక్క నాకు యాభై ఇయ్యల్ల. ఆయన ఇచ్చేది నాకే గదా? మా ఇద్దరి బాకీ మాలోనే తీరిపోయింది. ఇంగ మిగిలింది సమాజం యాభై ఒక్కటే. మూడున్నరకు అర కలిపితే నాలుగు. రేపు సారుకు చెప్పేది నాలుగు లక్షలు, ఇచ్చేది నాలుగు లక్షలు. గొలుసుకు ఏమీ కాదు తండ్రీ."

"స్తోత్రం," అని క్లెమెంట్ గొంతు విడిచి అన్నాడు. అన్నం మానేసిన నెలలన్నీ ఆ ఒక్క మాటలో బయటికొచ్చాయి.

"అంటే ఈ నెల నుంచి నా రూపాయి?" అని అడిగింది గురువమ్మ.

సెలీనాకు నవ్వు ఆగలేదు. పక్క నుంచి క్లెమెంట్ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. కళ్లు మూసుకునే ఇద్దరూ నవ్వారు, భుజాలు అదిరేటట్టు నవ్వారు. దాచుకోవడానికి ఇక ఏమీ లేదన్నది ఆ ఇంట్లో ఎన్నాళ్లకో కలిగిన సుఖం. రేపు పొద్దున శ్రీరామప్పకు తలెత్తుకుని చెప్పవచ్చు. శనివారానికల్లా అత్త గొలుసు మళ్లీ మెడలో ఉంటుంది. సెలీనా రెండో చెయ్యి తనకు తెలీకుండానే మెడ మీదికి పోయింది. ఇక మామ ఆమెన్ అంటే లేచి క్లెమెంట్‌కు అన్నం పెట్టాలి. గుడ్లు ఇంకా నాలుగు ఉన్నాయి.

ఆమెన్ రాలేదు.

క్లెమెంట్ మెల్లిగా దగ్గాడు. అయినా రాలేదు. ముసలాయన ఊపిరి మాత్రం వినబడుతోంది, గని దుమ్ము తిన్న ఊపిరితిత్తుల్లోంచి గురగురమంటూ.

"తండ్రీ," అన్నాడు చివరికి అమృతరాజు. ఆయన గొంతులో బైబిలు భాష లేదు. "దాచింది బయటికి తీయమని నేనే అడిగినాను. పిలకాయలిద్దరూ వాళ్లది చెప్పేసినారు. ఇంగ మిగిలింది నాది."



"శనివారం వేలమని నేను చెప్పింది అబద్ధం. వేలంలో పోయిందంటే వీళ్లు ఒక దినం ఏడ్చి మరిచిపోతారు, నా పీడ పోతాదనుకుంటిని. వీళ్లు బ్యాంకు దాకా పోతారని, ఆ దొర తూకం వేయిస్తాడని నాకేమి తెలుసు? రసీదు ఇయ్యమంటే నేను యాడ నుంచి తెచ్చేది తండ్రీ. రోజమ్మ గొలుసు సేటు దగ్గర లేదు. ఒక్క దినం కూడా లేదు. నేను దాన్ని పెట్టింది..."

కర్టెను అవతల క్యాను గబాలున లేచిన చప్పుడైంది. "చెప్పొద్దు పెద్దాయనా," అంది గురువమ్మ. ఈసారి ఆమె దేవుడితో మాట్లాడలేదు.

సెలీనా కళ్లు తెరిచింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చినాక ఆమెన్ కంటే ముందు ఆమె కళ్లు తెరవడం అదే మొదలు. ఎదురుగా అమృతరాజు కళ్లు కూడా తెరుచుకునే ఉన్నాయి. అవి నిండి ఉన్నాయి, ఆమెను చూడడం లేదు, ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తున్నాయి.

సెలీనా వెనక్కి తిరిగింది. గాలికి కర్టెను సగం పక్కకు తొలగింది. మెట్టు మీద గురువమ్మ ఒక చేత్తో క్యాను పట్టుకుని, రెండో చేత్తో, మెడనొప్పికని మెడ చుట్టూ చుట్టుకున్న పైటను గట్టిగా అదిమిపెట్టుకుని నిలబడి ఉంది.